ముందుకి దొర్లినప్పుడు భుజం కొస నేలకి తగులుతోంది, ఏం చెయ్యాలి?

తోటపాలెం_నాన్న · సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా పాప ఎనిమిదో తరగతి, జూడో క్లాసుకి వెళ్తోంది. దింపడానికి వెళ్లి, అయ్యేదాకా బయట ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడిని. "ఊరికే కూర్చునే బదులు మీరూ రండి సార్" అని కోచ్ పిలిస్తే చేరిపోయాను. వయసు 43. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, బొజ్జ కొంచెం ఉంది.

వెనక్కి పడటం, పక్కకి పడటం పర్వాలేదు. ముందుకి దొర్లడం దగ్గరే ఇబ్బంది. ప్రతిసారీ కుడి భుజం కొస నేరుగా నేలకి తగులుతోంది. లేచేసరికి కళ్లు తిరుగుతున్నాయి. మా పాప పక్కనే చప్పుడు లేకుండా దొర్లి లేచి, "నాన్నా, నువ్వు భయపడుతున్నావ్" అంటోంది. భయపడుతున్నానని నాకూ తెలుసు. అది పోయే దారి ఎవరైనా చెబితే బాగుణ్ణు.

హాల్లో కింద సిమెంటు, పైన అతుకుల ఫోమ్ మ్యాట్లు. ఇంటి దగ్గర సాధన చెయ్యాలంటే ఎక్కడ మంచిది? డాబా మీదా, పరుపు మీదా, గ్రౌండ్‌లోనా?

---

పాత_జూడోకా · సోమవారం, రాత్రి 10.25

నాన్నగారూ, భుజం కొస తగులుతోందంటే, బరువు పడే క్షణంలో మీ మోచెయ్యి మడత పడిపోతోందన్నమాట. పెద్దవాళ్లలో చాలామందికి ఇదే సమస్య. భయం సంగతి తర్వాత చూద్దాం, ముందు చెయ్యి సరిచేద్దాం.

కుడి వైపు దొర్లడం వరసగా చెబుతాను, కంప్యూటర్ పక్కన పెట్టి చేసి చూడండి. నిలబడి వద్దు. కుడి పాదం ముందు పెట్టి ఎడమ మోకాలి మీద కూర్చోండి. ఎడమ అరచెయ్యి నేల మీద ఆనించండి. కుడి చేతిని చిటికెనవేలు అంచు నేలకి తగిలేలా పెట్టండి. వేళ్లు ముందుకి కాదు, మీ వైపే తిరిగి ఉండాలి. మోచెయ్యి బయటికి వంగి ఉండాలి. వేళ్ల దగ్గర నుంచి భుజం దాకా విల్లు వంగినట్టు ఒకటే వంపు. ఇక గడ్డం గుండెకి ఆనించి, తల ఎడమ పక్కకి తిప్పి, మీ ఎడమ చంకలోకి చూడండి. అప్పుడు నడుము పైకి లేపి, వెనక కాలితో నెమ్మదిగా తొయ్యండి.

నేలకి తగిలే వరస ఇది: చేతి అంచు, ముంజెయ్యి, మోచేతి పైభాగం, భుజం వెనక కండ, అక్కడి నుంచి వీపు మీదుగా ఐమూలగా ఎడమ పిరుదు. తల ఎక్కడా తగలకూడదు. వెన్నుపూస నిట్టనిలువునా నలగకూడదు. కుడి భుజం మీదుగా వెళ్లినవాడు ఎడమ పక్క మీద తేలతాడు, చివర్లో నేలని చరిచేది ఎడమ చెయ్యి.

మీ అమ్మాయిని ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయమనండి, పక్క నుంచి. మోచెయ్యి లోపలికి కూలడం మీకే కనిపిస్తుంది. ఇంకో సంగతి, చూసేకన్నా వినడం మేలు. సరిగ్గా దొర్లితే మ్యాట్ మీద సర్రుమని ఒకే చప్పుడు మొదటి నుంచి చివరిదాకా పోతుంది. మధ్యలో "ధబ్" వినపడితే, ఒంట్లో ఏదో ఒక మూల చదునుగా దిగిందని అర్థం. ఆ ధబ్ ఎప్పుడు వచ్చిందో చూస్తే ఏ భాగమో దొరికిపోతుంది. చెయ్యి పెట్టగానే వస్తే భుజం. సగంలో వస్తే నడుము కింద భాగం, అంటే వీపు గుండ్రంగా లేక తిన్నగా అయిపోయింది. చివర్లో వస్తే మడమలు.

---

బుల్లెట్_బావ · సోమవారం, రాత్రి 10.41

ఇదేటి గురూ, పిల్లిమొగ్గే కదా! చిన్నప్పుడు ఇసకలో ఎన్ని వెయ్యలేదు మనం.

---

పాత_జూడోకా · సోమవారం, రాత్రి 10.50

బావగారూ, పిల్లిమొగ్గ వేరు. అందులో రెండు చేతులూ పెట్టి, మెడ వెనక నుంచి వెన్ను మీదుగా తిన్నగా పోతాం. మెత్తని చోట, పదేళ్ల పిల్లలకి బాగానే ఉంటుంది. పరుగు మధ్యలో కాలు తట్టుకున్నవాడు గట్టి నేల మీద అలా పోతే మెడ ఎముకలూ, వెన్నుపూసలూ ఒక్కొక్కటే నేల లెక్కపెడతాయి. ఐమూలగా పోవడం అందుకే.

---

ఫిజియో_అక్క · మంగళవారం, ఉదయం 7.15

శ్రీకాకుళం నుంచి. మెళకువలు వాళ్లు చెబుతారు, నేను ఒంటి సంగతి చెబుతాను.

నాన్నగారూ, కుడి చేతిని ఎడమ భుజం మీదకి అడ్డంగా లాగి చూడండి. భుజం పైన, కాలర్ ఎముక చివర బొడిపె దగ్గర పోటు వస్తే అక్కడి కీలు దెబ్బ తిన్నట్టు అనుమానించాలి. కొన్నాళ్లు దొర్లడం మానేసి ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి. అలా కాకుండా కండ పైపైన కమిలినట్టుంటే అంత కంగారు లేదు.

కళ్లు తిరగడం రెండు రకాలు. కొత్తలో దొర్లగానే కాసేపు తూలడం మామూలే, రోజూ కొంచెం కొంచెం చేస్తుంటే తగ్గుతుంది. కానీ రాత్రి మంచం మీద పక్కకి తిరిగినప్పుడో, పైకి చూసినప్పుడో గది గిర్రున తిరిగి, నిమిషంలోపు ఆగిపోతోందా? అలాగైతే లోపలి చెవిలో సన్నటి సున్నపు కణాలు చోటు తప్పి ఉండొచ్చు. తలని ఒక వరసలో తిప్పి వాటిని మళ్లీ చోటికి పంపే పద్ధతి ఉంది, చాలామందికి ఒకటి రెండు సార్లకే నయమవుతుంది. అది చేయించుకోకుండా మొగ్గలు వేస్తే వాంతులే.

మెడ నొప్పితో పాటు చెయ్యి తిమ్మిరెక్కేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దొర్లొద్దు.

---

నాగావళి_జంపర్ · మంగళవారం, ఉదయం 8.02

అన్నా, పార్కూర్ చేస్తాం మేము, అంటే గోడలూ గట్లూ దూకుతూ పరిగెత్తడం, శ్రీకాకుళంలో. నలుగురైదుగురం ఉన్నాం. వారాంతాల్లో కళింగపట్నం బీచ్‌కి పోతాం, మిగతా రోజులు గ్రౌండ్‌లో గడ్డి ఉన్న మూల.

ఎక్కడ చెయ్యాలని అడిగారు కదా. పొడి ఇసక మీద దూకడం నేర్చుకోవచ్చు గానీ దొర్లడం నేర్చుకోకూడదు. చూడటానికి మెత్తగా ఉంటుంది, కానీ భుజం దిగబడిపోతుంది. ఒళ్లు ముందుకి పోతుంటే భుజం అక్కడే ఆగిపోతుంది, మెడ మెలిపడుతుంది. నీళ్ల అంచున తడిసి గట్టిపడిన ఇసక బాగుంటుంది. పరుపు కూడా అంతే. మెత్తటి ఫోమ్ పరుపు మీద ఎంత తప్పుగా దొర్లినా నొప్పి తెలియదు, తప్పే అలవాటైపోతుంది.

మా దాంట్లోనూ దారి ఇదే, ఒక భుజం నుంచి ఎదుటి పక్క తుంటికి. తేడా ఏంటంటే చివర్లో చరచడం ఉండదు. దొర్లి, అదే ఊపులో లేచి పరిగెత్తాలి. ఎత్తు నుంచి దూకినప్పుడు కిందికి వచ్చే ఊపుని ముందుకి మళ్లించడానికే దొర్లడం. ఫ్రాన్స్‌లో పారిస్ పక్కన లిస్ అనే ఊళ్లో డేవిడ్ బెల్ వాళ్లు మొదలుపెట్టినప్పుడు మ్యాట్లు ఎక్కడివి, అంతా సిమెంటే. సిమెంటు మీద చెయ్యి చరిస్తే చెయ్యే పోతుంది. నిజం చెప్పాలంటే, ఆ చరచడం షో అనిపిస్తుంది నాకు.

---

పాత_జూడోకా · మంగళవారం, మధ్యాహ్నం 1.30

తమ్ముడూ, షో కాదు. నువ్వు దూకేటప్పుడు నీ ఒళ్లు నీ చేతిలో ఉంటుంది. జూడోలో ఎదుటివాడు నీ చొక్కా చెయ్యి పట్టుకుని, తన ఊపుతో నిన్ను విసురుతాడు. పట్టుకున్నవాడు వదిలేదాకా దొర్లి లేచిపోవడానికి కుదరదు. వీపు పక్క మీద ఒక్క దెబ్బలో దిగాలి. అప్పుడు చేతికి ఏదో ఒక పని కావాలి. పని ఇవ్వకపోతే తనంతట తానే వెనక్కి పోయి నేల మీద ఊనుతుంది, మణికట్టో మోచెయ్యో పోతుంది. చరచడం నేర్పేది సగం అందుకే. మిగతా సగం, బరువు దిగే చోటు కాస్త పెరుగుతుంది, ఊపిరి బయటికి వస్తుంది.

చెయ్యి ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల దూరంలో పడాలి, అరచెయ్యి కిందికి. భుజానికి తిన్నగా బారచాపి కొడితే కీలు లాగేస్తుంది. జూడో మొదలుపెట్టిన జిగొరో కానో 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో బడి పెట్టాడు, ఇప్పటికీ అక్కడ చేరినవాడికి విసరడం కంటే ముందు పడటమే నేర్పుతారు. ఆ మ్యాట్ కోసం పుట్టిన పద్ధతిని రోడ్డు మీద వాడమని ఎవరూ అనలేదు.

---

లెక్కల_మాస్టారు_బొబ్బిలి · మంగళవారం, సాయంత్రం 5.48

మీ ఇద్దరి గొడవా తీర్చలేను గానీ, లెక్క వేసి చూపిస్తాను.

70 కిలోల మనిషి, ఒంటి బరువు కేంద్రం నేలకి సుమారు 1 మీటరు ఎత్తులో. నిలువునా పడితే శక్తి 70 × 9.8 × 1, అంటే 686 జౌళ్లు. నేలకి తగిలే వేగం సెకనుకి 4.4 మీటర్లు. ఇప్పుడు ఒళ్లంతా ఒక్క ముద్ద అనుకుందాం, మోటు లెక్కే. ఆ ముద్ద 2 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే సగటు బలం 34,300 న్యూటన్లు. అదే 20 సెంటీమీటర్లలో ఆగితే 3,430. మోకాళ్లు వంచడం, వీపు గుండ్రంగా చెయ్యడం, ఒక భాగం తర్వాత ఇంకో భాగం తగలనివ్వడం, ఇవన్నీ ఆ 2ని 20 చెయ్యడానికే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పడబోతున్నామని తెలిసిన క్షణంలోనే గొంతుక్కూర్చున్నట్టు దిగిపోతే ఆ కేంద్రం 1 మీటరు నుంచి 40 సెంటీమీటర్లకి వస్తుంది. శక్తిలో ఎక్కువ భాగం కాళ్ల కండలు తినేస్తాయి, నేలకి మిగిలేది 274 జౌళ్లు. చరచడం గురించి కొట్టుకునేవాళ్లు ముందు కూర్చోవడం నేర్చుకుంటే బాగుంటుంది.

ముందుకి పోతున్న వేగాన్ని ఆపక్కర్లేదు, అది దొర్లడంలోనే ఖర్చవుతుంది. తాటికాయ చెట్టు మీంచి పడి నాలుగు అడుగులు దొర్లి ఆగుతుంది, ఇటుక పడ్డచోటే పగులుతుంది.

---

ఐకిడో_వైజాగ్_రిటర్న్ · మంగళవారం, రాత్రి 8.10

మాస్టారి లెక్కకి తోడు ఒక పరిశోధన. నెదర్లాండ్స్‌లో 2007లో జూడో తెలిసినవాళ్లని మోకాళ్ల మీద నుంచి పక్కకి పడమని, తుంటికి తగిలే బలం కొలిచారు. చెయ్యి ఊని మామూలుగా పడినప్పటి కంటే, ఒళ్లు తిప్పి దొర్లుతూ పడినప్పుడు ఆ బలం నాలుగో వంతుకు పైగా తగ్గింది. తమాషా ఏంటంటే చేత్తో చరిచినా చరచకపోయినా తగ్గుదల ఇంచుమించు అంతే. అంటే పని చేస్తున్నది ఒంటి వంపు, చెయ్యి కాదు. జంపర్ తమ్ముడు సంతోషపడొచ్చు.

మా ఐకిడోలో, అదీ జపాన్ యుద్ధకళే, కొత్తవాళ్ల చేత పడుకునే మొదలుపెట్టిస్తాం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు పట్టుకుని ఊగడం. తర్వాత కూర్చుని వెనక్కి ఊగి, ఒక భుజం మీదుగా వెనక్కి దొర్లడం. తర్వాత గొంతుక్కూర్చుని. తర్వాత నిలబడి. ఏ మెట్టులోనైనా ధబ్ వినపడితే ఒక మెట్టు దిగడమే. నాన్నగారి కోచ్ నిలబడి దొర్లమంటున్నాడేమో అని నా అనుమానం. పిల్లలకి ఎత్తు తక్కువ, బరువు తక్కువ, వాళ్లకి చెల్లుతుంది. 43లో మొదలుపెట్టినవాడికి నేల నుంచి పైకి రావాలి. భయం పోయే దారి కూడా అదే. పడేంత ఎత్తు లేకపోతే దేనికి భయపడతాం?

---

తోటపాలెం_నాన్న · మంగళవారం, రాత్రి 9.22

అవునండీ, నిలబడే. పిల్లలందరితో కలిపి వరసలో. ఇవాళ మోకాలి మీద నుంచి చేశాను, ఇంట్లో చాప మీద దుప్పటి పరిచి. వీడియోలో మోచెయ్యి అచ్చం జూడోకా గారు చెప్పినట్టే లోపలికి పోతోంది. చేతిని అడ్డంగా లాగితే పోటు లేదు అక్కా, కమిలిన నొప్పే. రాత్రి పక్కకి తిరిగితే తల తిరగడం కూడా లేదు.

మా పాపకి ఇంకో ఇబ్బంది. వెనక్కి పడినప్పుడు తల వెనక నొప్పి అంటోంది. తల తగలట్లేదు అంటుంది, నొప్పి మాత్రం ఉందట.

---

ఆమదాలవలస_అమ్మ · మంగళవారం, రాత్రి 9.35

జడ ఎలా వేస్తున్నారు? మా అమ్మాయికీ ఇదే గొడవ. తల వెనక ముడి చుట్టి, పైన క్లిప్పు పెట్టి పంపేదాన్ని. వెనక్కి పడినప్పుడు ఆ ముడే పుర్రెకి గుచ్చుకునేది. దానికి తోడు ముడి అడ్డొస్తుందని గడ్డం కిందికి దించేది కాదు, మెడ తిన్నగా పెట్టేసేది. ఇప్పుడు మెడ కింద వదులుగా ఒకే జడ, మెత్తటి రబ్బరు బ్యాండు. పిన్నులు, గాజులు, పట్టీలు అన్నీ ఇంట్లోనే తీసేసి పంపిస్తాను. కాలి గోళ్లు కూడా కత్తిరించండి, ఎదుటి పిల్లని గీరేస్తాయి.

---

పాత_జూడోకా · మంగళవారం, రాత్రి 10.05

అమ్మగారు చెప్పింది బంగారం. కానీ జడ సరిచేశాక కూడా నొప్పి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు నాన్నగారూ. ఇది కొంచెం గట్టిగా చెప్పాలి.

జపాన్‌లో బడుల్లో జూడో ఆడుతూ 1983 తర్వాత మూడు దశాబ్దాల్లోపే వందకు పైగా పిల్లలు చనిపోయారు. వాళ్లలో చాలామందికి తలలో రక్తస్రావం, అదీ కొత్తగా చేరినవాళ్లకే ఎక్కువ. 2012లో అక్కడ మిడిల్ స్కూళ్లలో యుద్ధకళలు తప్పనిసరి చేసినప్పుడు తల్లిదండ్రులు భయపడిందీ అందుకే. కాలు వెనక నుంచి కొట్టి వెల్లకిలా పడేసే ఓసోతో-గారి లాంటి పట్టు, వెనక్కి పడటం రాని పిల్ల మీద వాడితే తల నేలకి కొరడాలా పోతుంది. తల తగలకపోయినా, విసురుకి మెదడు చుట్టూ ఉన్న రక్తనాళం తెగొచ్చు.

అందుకని వెనక్కి పడేటప్పుడు కళ్లు నడుము పట్టీ ముడి మీదే ఉండాలి. అది చూస్తుంటే గడ్డం దానంతటదే కిందికి దిగుతుంది. పిల్ల వెల్లకిలా పడుకుని, తల నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు లేపి, అలా కాసేపు ఉంచగలదా చూడండి. మెడ ముందు కండలు వణికి తల దిగిపోతుంటే ఇంకా విసిరించుకునే సమయం రాలేదు.

పడ్డాక తలనొప్పి, వాంతి, మగత, మాట తడబాటు వీటిలో ఏది కనిపించినా ఆ రోజు మ్యాట్ ఎక్కకూడదు, తిన్నగా ఆసుపత్రికి. "కాసేపు కూర్చో, తగ్గుతుంది" అనే కోచ్‌ని నమ్మకండి, ఎంత పెద్ద బెల్టు అయినా.

---

గరిడీ_మనవడు · బుధవారం, ఉదయం 6.30

రాజాం పక్క నుంచి. మీరంతా జపాన్, ఫ్రాన్స్ అంటున్నారు, మనూళ్ల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మా తాతగారు సాము నేర్పేవారు. పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం వీధుల్లో కర్రసాము, కత్తిసాము, పులివేషాల వాళ్లు వేసే మొగ్గలు మీరూ చూసే ఉంటారు. వాళ్లు నేర్చుకున్నది మ్యాట్ మీద కాదు.

సాము నేర్పే తాలింఖానాలో ముందు రోజు సాయంత్రం పారతో నేల తవ్వి, రాళ్లు ఏరి, నీళ్లు చిలకరించి వదిలేసేవారు. తెల్లారేసరికి మట్టి పొడిగానూ ఉండదు, బురదగానూ ఉండదు. గుప్పిట్లో పట్టుకుంటే ముద్ద అవ్వాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. ఆ నేల మీద భుజం దిగబడదు, జారదు. నాన్నగారూ, ఇంటి వెనక చోటుంటే ఇది చేసి చూడండి, ఖర్చు పార అద్దె కూడా కాదు.

కర్ర పట్టుకుని దొర్లేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పేవారు. కర్ర ఒంటికి అడ్డంగా రాకూడదు. పట్టుకున్న చేతిని బయటికి చాపి, కర్ర నేలకి సమాంతరంగా పడుకోబెట్టినట్టు పెట్టి, రెండో భుజం మీదుగా పోవాలి. లేకపోతే కర్ర కొస నేలలో గుచ్చుకుని, రెండో కొస డొక్కలో దిగుతుంది.

మల్లయోధుడు కోడి రామమూర్తి గారిది మన వీరఘట్టం. మన దగ్గర కుస్తీ మనిషి లేని ఊరు లేదనేవారు తాత.

---

పాత_జూడోకా · బుధవారం, ఉదయం 9.10

కుస్తీ అన్నారు కాబట్టి ఒక మాట. గోదాలో పెరిగినవాళ్లు జూడోకి వస్తే పడటం మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. కుస్తీలో వీపు నేలకి తగిలితే ఓడినట్టే, అందుకని వాళ్ల ఒళ్లు గాల్లోనే మెలిపడి, తల, కాళ్ల మీద వంతెనలా ఆగుతుంది. అది వాళ్ల ఆటలో గొప్ప విద్య. జూడోలో అలా వంతెన వేసి దిగితే పూర్తి పాయింటు ఎదుటివాడికి ఇచ్చేస్తారు, మెడ కాపాడటానికే ఆ నియమం. కబడ్డీ కుర్రాళ్లకైతే బాగానే వస్తుంది, వాళ్లు రోజూ పడేవాళ్లే.

---

బుల్లెట్_బావ · బుధవారం, సాయంత్రం 7.05

నాకిది వేరే రకంగా పనికొచ్చింది. మొన్న సీజన్లో రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోశారు, సగం రోడ్డు కప్పేసి. ఎదురుగా ఆటో వస్తే దాని మీదకి ఎక్కించాను, ముందు చక్రం జారిపోయింది. పడేటప్పుడు చేతులు ముందుకి చాపకుండా ఎలాగో గుండెకి హత్తుకున్నాను. మోచేతి దగ్గర చొక్కా చిరిగి చర్మం గీరుకుపోయింది గానీ అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. మా ఫ్రెండ్ అదే చోట పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. బండి మీంచి పడితే ఎలా దొర్లాలో కూడా చెప్పండి.

---

ఫిజియో_అక్క · బుధవారం, రాత్రి 8.20

బావగారూ, బండి వేగంలో దొర్లాలా జారాలా అని ఎంచుకునే సమయం ఉండదు. హెల్మెట్ పట్టీ బిగించి ఉండటం, చేతులు దగ్గరికి లాక్కోవడం, ఒళ్లు ఆగేదాకా లేవబోకపోవడం, అంతే మన చేతిలో ఉన్నది.

మీ ఫ్రెండ్‌కి అయింది మా దగ్గరికి ఎక్కువగా వచ్చే కేసు. చాచిన చెయ్యి మీద పడితే పెద్దవాళ్లలో మణికట్టు పైన ముంజేతి ఎముక విరుగుతుంది. కుర్రాళ్లలో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక. బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది చూడండి, అక్కడ నొక్కితే నొప్పి ఉంటే ఈ ఎముకని అనుమానించాలి. మొదటి ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు. "ఏం లేదు, బెణికింది" అని వదిలేస్తారు. దీనికి రక్తం అందే దారి సన్నం, వదిలేస్తే అతక్కపోవచ్చు. నొప్పి ఉంటే కట్టు వేయించుకుని 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయించాలి.

---

ఆమదాలవలస_అమ్మ · బుధవారం, రాత్రి 8.44

అక్కా, మా అత్తగారికి 70. బాత్రూం దగ్గర ఒకసారి జారారు, దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ఆవిడకి ఈ పడటం నేర్పించొచ్చా?

---

ఫిజియో_అక్క · బుధవారం, రాత్రి 9.15

దొర్లడం వద్దమ్మా. ఆ వయసులో ఎముక బలం చూడకుండా చేయించకూడదు. పడకుండా చూసుకోవడం, పడితే లేవడం, ఈ రెండే నేర్పండి. గోడ పక్కన నిలబడి, ఒక పాదం ముందు ఇంకో పాదం మడమ ఆనించి నిలబడటం. కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం. నిలదొక్కుకునే ఇలాంటి వ్యాయామాలు చేసిన పెద్దవాళ్లు పడటం దాదాపు నాలుగో వంతు తగ్గిందని ఎన్నో దేశాల పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. చైనా వాళ్ల తైచీ కూడా ఇందులోదే.

నేల మీద నుంచి లేవడం మంచం పక్కన నేర్పండి. పక్కకి తిరిగి, మోచేతి మీద లేచి, నాలుగు కాళ్ల మీదకి వచ్చి, మంచం పట్టుకుని ఒక పాదం ముందు పెట్టి లేవాలి. బాత్రూంలో గోడకి పట్టుకునే కమ్మీ బిగించండి, గుమ్మం దగ్గర జారే పట్టా తీసేయండి. ఇవన్నీ మొగ్గల కంటే పనికొస్తాయి.

---

నాగావళి_జంపర్ · బుధవారం, రాత్రి 10.30

జూడోకా అన్నా, చరచడం షో అన్న మాట వెనక్కి తీసుకోను గానీ, విసిరించుకునేవాడికి కావాలని ఒప్పుకుంటున్నా. ఆదివారం మా వాళ్లని తీసుకుని విజయనగరం వస్తాం, మీ క్లాసు ఎక్కడో మెసేజ్ పెట్టండి. మీ వాళ్లకి సిమెంటు మీద దొర్లడం చూపిస్తాం, మాకు మీరు విసిరి చూపించండి.

---

పాత_జూడోకా · గురువారం, ఉదయం 7.00

రండి తమ్ముడూ. గోళ్లు కత్తిరించుకుని రండి.

---

తోటపాలెం_నాన్న · గురువారం, రాత్రి 9.50

చిన్న కబురు. మోకాలి మీద నుంచి కుడి వైపు ధబ్ లేకుండా వస్తోంది. గొంతుక్కూర్చుని కూడా వచ్చేసినట్టే. ఎడమ వైపు మాత్రం అసలు చెయ్యి ఎక్కడ పెట్టాలో కూడా తెలియట్లేదు. కుడి పూర్తిగా వచ్చాక ఎడమ మొదలుపెట్టనా? కోచ్‌తో మాట్లాడాను, ఇకనుంచి పెద్దవాళ్లని వేరే మూల మోకాలి మీద నుంచే చేయిస్తానన్నారు. మ్యాట్ల అతుకులు విడిపోయి మధ్యలో సిమెంటు కనపడుతోంది, అదీ చెప్పాను.

---

ఐకిడో_వైజాగ్_రిటర్న్ · గురువారం, రాత్రి 10.15

ఆగకండి, రేపే ఎడమ మొదలుపెట్టండి. కుడి బాగా వచ్చినవాళ్లు ఎడమ కూడా అదే ఎత్తు నుంచి వేసేయబోతారు, దెబ్బ అక్కడే తగులుతుంది. ఎడమకి మీరు మళ్లీ కొత్తవాళ్లే, వెల్లకిలా పడుకుని ఊగడం నుంచి రండి. పడేటప్పుడు ఏ పక్క పడతామో మన చేతిలో లేదు కదా. క్లాసులో మొదటి దొర్లు ఎడమదే వెయ్యండి, ఒళ్లు అలిసిపోకముందే. కుడిది చివర్లో వేసినా వస్తుంది.

అతుకులకి వెడల్పాటి టేపు వేసి, పైన టార్పాలిన్ బిగుతుగా లాగి నాలుగు పక్కలా కట్టేయమనండి. వదులుగా ఉంటే ముడతలో బొటనవేలు ఇరుక్కుంటుంది. టార్పాలిన్ మీద చెమట పడితే జారుతుంది, పక్కన ఒక పాత తువ్వాలు ఉంచుకోండి.